ఉరుకుందు పేరుకు 25వ బైటు

ప్రశ్న: సార్, మాది కర్నూలు. బీటెక్ మూడో సంవత్సరం. మా మేనమామకు మార్కెట్ యార్డులో ఉల్లి మండీ ఉంది. ఆయనకు పనికొస్తుంది, నాకు మినీ ప్రాజెక్టూ అవుతుందని సీ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. రైతు పేరు, బస్తాలు, తూకాలు, క్వింటా ధర ఎక్కిస్తే లాట్ల వారీగా లెక్క కడుతుంది. ఇంట్లో టెస్ట్ చేసినప్పుడు బ్రహ్మాండంగా నడిచింది. మండీలో మాత్రం సరుకు ఎక్కువ దిగిన రోజు సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని వచ్చి ప్రోగ్రాం పడిపోతోంది. ఒక్కోసారి మెమరీ అడగడానికి వాడే మాలక్ పేరుతో ఏదో అసెర్షన్ (లోపలి సరిచూపు) ఫెయిల్ అయిందని చూపిస్తోంది. మధ్యలో తెరమీద ఏదైనా చూపించే ప్రింట్‌ఎఫ్ ఒకటి పెడితే రావడం లేదు, తీసేస్తే వస్తోంది. ఫ్రెండ్ లాప్‌టాప్‌లో అసలే రాలేదు. తీసుకున్న మెమరీని ఫ్రీ చేస్తే, అంటే తిరిగి ఇచ్చేస్తే, ఇంకా తొందరగా పడిపోతోందని ఫ్రీలన్నీ తీసేశాను. ప్రోగ్రాం అయిపోగానే మెమరీ అంతా ఓఎస్సే తీసుకుంటుంది, ఫ్రీ చేయకపోయినా పర్వాలేదని ల్యాబ్‌లో చెప్పారు. నిజమేనా? కోడ్ పంపుతున్నాను. సీ వదిలేసి పైథాన్‌కు మారిపోమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి, కర్నూలు

సమాధానం:

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు నాయనా. నీ కోడ్ రెండుసార్లు చదివాను. లెక్కలు సరిగ్గానే కట్టావు. తప్పంతా తెచ్చుకున్న చోటును వాడుకోవడంలోనూ, తిరిగి ఇవ్వడంలోనూ ఉంది. ‘ఫ్రీలన్నీ తీసేశాను’ అన్న మాట దగ్గర మాత్రం నాకు నవ్వొచ్చింది. ఇంట్లో ఏదో మాడుతున్న వాసన వస్తే ముక్కుకు గుడ్డ కట్టుకున్నట్టుంది. ఫ్రీ వల్ల తప్పు జరగలేదు. అంతకుముందే జరిగిన తప్పు ఫ్రీ దగ్గర బయటపడింది, అంతే.

పెళ్లికి వంట సామాను అద్దెకు తెచ్చే షాపు తెలుసు కదా? మాలక్ అంటే ఆ షాపు. ఇంత సైజు గుండిగ కావాలంటే ఇస్తాడు. ఏది ఇచ్చాడో తన చీటీలో రాసుకుంటాడు. పెళ్లయ్యాక తిరిగి ఇచ్చేయాలి, అదే ఫ్రీ. ఇచ్చేశాక ఆ గుండిగ ఇంకొకరి పెళ్లికి పోతుంది. నువ్వు ‘మొన్నటి దాకా మాదే కదా’ అని పోయి అందులో గరిటె పెడితే వాళ్ల సాంబారు పాడవుతుంది. ఒకే గుండిగను రెండుసార్లు ఇచ్చినట్టు చీటీలో రాయిస్తే, షాపువాడు దాన్ని ఇద్దరికి అద్దెకు ఇచ్చి కూర్చుంటాడు. సీ ప్రోగ్రాముల్లో మెమరీ గొడవలు చాలా వరకు ఇవే.

ఒక తేడా ఉంది. షాపువాడి చీటీ గల్లాపెట్టెలో భద్రంగా ఉంటుంది. మాలక్ చీటీ మాత్రం నీకిచ్చిన చోటుకు సరిగ్గా ముందు, అదే మెమరీలో ఉంటుంది. ఫ్రీకి సైజు చెప్పకపోయినా ఎంత చోటో దానికి తెలిసేది ఆ చీటీ వల్లే. మాలక్ ఇచ్చిన పాయింటర్‌ను, అంటే ఆ చోటు అడ్రస్‌ను, ముందుకు జరిపి, జరిపినదాన్ని ఫ్రీకి ఇస్తే అది గగ్గోలు పెట్టేది కూడా ఇందుకే. నీ హద్దు దాటి ఒక్క బైటు ఎక్కువ రాసినా పక్కవాడి చీటీ మీద రాసినట్టే.

ఇప్పుడు నీ కోడ్‌కు వద్దాం. పేరు ఎక్కించే ఫంక్షన్‌లో ఎస్‌టీఆర్‌లెన్‌తో పొడవు కొలిచావు, సరిగ్గా అంతే చోటు మాలక్‌ను అడిగావు, ఎస్‌టీఆర్‌కాపీతో పేరు దించావు. స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, చివర సున్నా బైటు ఒకటి ఉంటుంది. దాన్ని ఎస్‌టీఆర్‌లెన్ లెక్కపెట్టదు, ఎస్‌టీఆర్‌కాపీ మాత్రం రాస్తుంది. అంటే ప్రతి పేరుకూ ఒక బైటు తక్కువ అడిగావు. ఇది పుస్తకాల్లో ఉండే మామూలు తప్పే. నీ కేసులో అది ఇన్ని రోజులు ఎలా దాక్కుందో చూస్తే నాకే ముచ్చటేసింది.

పేర్లు తెలుగులో ఎక్కిస్తున్నావు, మంచి పని. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు పడతాయి. టెస్ట్ చేసేటప్పుడు నువ్వు కొట్టిన పేరు ‘రాము’. ర, దీర్ఘం, మ, కొమ్ము కలిపి నాలుగు, అంటే 12 బైట్లు. సున్నా బైటుతో 13. నువ్వు 12 అడిగావు. కానీ 64-బిట్ లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ. దాని మాలక్ చిల్లరగా ఇవ్వదు. ఎంత తక్కువ అడిగినా 24 బైట్లు వాడుకునేంత చోటు ఇస్తుంది. అది దాటితే 40, ఆ తర్వాత 56, అలా 16 చొప్పున పెరుగుతుంది. కాబట్టి రాముకు ఏ గొడవా లేదు. ఈరన్నకు 15 బైట్లు, సుంకన్నకు 21, వాళ్లకూ లేదు. మద్దిలేటికి 27 బైట్లు కాబట్టి 40 బైట్ల చోటు దొరికింది, ఆయనా క్షేమం.

ఇప్పుడు ఉరుకుందు వచ్చాడు. ఉ, ర, కొమ్ము, క, కొమ్ము, సున్న, ద, కొమ్ము. ఎనిమిది మూళ్లు 24. నువ్వు 24 అడిగావు, మాలక్ 24 ఇచ్చింది, నువ్వు 25 రాశావు. ఆ 25వ బైటు పోయి పక్క చీటీలోని సైజు అంకె మీద పడింది. తిమ్మప్పకూ ఇదే గతి, ఆయన పేరూ సరిగ్గా 24 బైట్లే. మీ కర్నూలు జిల్లాలో మండీ పెట్టి ఉరుకుందు, తిమ్మప్ప అనే పేర్లు రాకుండా ఎన్నాళ్లు నెట్టుకొస్తావు?

అయినా ప్రోగ్రాం అప్పటికప్పుడు పడిపోదు. పక్కనున్నది ఇంకా పంచని ఖాళీ చోటు అయితే, ‘నా దగ్గర ఇంకా ఇంత మిగిలింది’ అని మాలక్ రాసుకున్న అంకె కొంచెం తగ్గుతుంది. అది తెలియక పంచుతూనే పోతుంది. మొదట తెచ్చుకున్న చోటు, మామూలుగా 132 కిలోబైట్లు, అయిపోయి ఓఎస్ గుండెకాయ అయిన కర్నెల్‌ను ఇంకొంచెం అడగబోయేటప్పుడు తన లెక్క సరిచూసుకుంటుంది. అంకెలు కలవవు. నీకు కనిపించిన అసెర్షన్ అదే. పొద్దున్నే ఉరుకుందు లాట్ ఎక్కించావు, మధ్యాహ్నం ఎవరో రంగన్న లాట్ దగ్గర ప్రోగ్రాం పడింది. నువ్వు రంగన్న దగ్గర కూర్చుని తప్పు వెతుకుతున్నావు. సరుకు తక్కువ దిగిన రోజు ఆ లెక్క చూసుకునే అవసరమే రాదు కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. ప్రింట్‌ఎఫ్ పెడితే ఆగడం, ఫ్రెండ్ లాప్‌టాప్‌లో రాకపోవడం కూడా ఇలాంటివే. ఏది ఎక్కడ సర్దుకుందన్నది కొంచెం మారితే దెబ్బ ఇంకో చోట పడుతుంది. దెబ్బ మాత్రం తప్పదు. ఇలాంటి చోట ఏం జరగాలో సీ స్టాండర్డ్ చెప్పదు, ‘అన్‌డిఫైన్డ్ బిహేవియర్’ అని వదిలేస్తుంది.

మందు చిన్నదే. పొడవుకు ఒకటి కలిపి అడుగు. లేదా ఎస్‌టీఆర్‌డప్ వాడు, ఆ ఒకటి అదే కలుపుకుంటుంది. లినక్స్‌లో అది ఎప్పటి నుంచో ఉంది, సీ23తో స్టాండర్డ్‌లోకీ వచ్చింది.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ కథ వేరు. లాట్లకు మొదట 16 గదుల అర్రే తీసుకుని, నిండినప్పుడల్లా రీఅలాక్‌తో రెట్టింపు చేస్తున్నావు. పద్ధతి మంచిదే. కానీ ఆ రోజు అందరికంటే ఎక్కువ ధర పలికిన లాట్‌ను గుర్తుపెట్టుకోవడానికి దాని మీదికి ఒక పాయింటర్ పెట్టావు. రీఅలాక్‌కు ఉన్నచోట పెంచడానికి వీలు కాకపోతే వేరే చోట కొత్త అర్రే తీసుకుని, అంతా అక్కడికి మోసి, పాతది ఫ్రీ చేసేస్తుంది. అర్రే పాయింటర్‌ను నువ్వు మార్చుకున్నావు సరే, ఎక్కువ ధర పాయింటర్ మాత్రం ఖాళీ చేసిన పాతింటి తలుపు కొడుతూనే ఉంది. లాట్ల మధ్యలో పేర్లకూ చోట్లు తీసుకుంటున్నావు కాబట్టి అర్రేకు పక్కన ఖాళీ ఉండదు, ఇల్లు మారడం దాదాపు ఖాయం. ఇంట్లో టెస్ట్‌కు పది లాట్లే ఎక్కించావు, రీఅలాక్ పిలవాల్సిన పనే పడలేదు. అర్రేలోకి పాయింటర్ బదులు లాట్ నంబరు పెట్టుకో. ఇల్లు ఎక్కడికి మారినా 37వ లాట్ 37వ లాటే.

రీఅలాక్ దగ్గరే ఇంకోటి. దాని జవాబును నేరుగా పాత పాయింటర్‌లోనే వేసుకుంటున్నావు. అది నల్ (‘చోటు లేదు’ అని చెప్పే ఖాళీ పాయింటర్) ఇచ్చిన రోజు పాత అర్రే అలాగే ఉంటుంది, దాని అడ్రస్ మాత్రం నీ చేతిలోంచి పోతుంది. వేరే వేరియబుల్‌లో తీసుకుని, నల్ కాదని చూసుకున్నాకే పాతదాన్ని మార్చు.

ఇక నీ ఫ్రీల సంగతి. రాత్రి రిపోర్టు కోసం ఎక్కువ ధర లాట్‌ను ఇంకో స్ట్రక్చర్‌లోకి (పేరు, తూకం, ధర కలిపి ఉంచే మూటలోకి) కాపీ చేశావు. ఈక్వల్ గుర్తుతో కాపీ చేస్తే తూకం, ధర కాపీ అవుతాయి. పేరు కాపీ కాదు, పేరు ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే కాపీ అవుతుంది. రిపోర్టు అయ్యాక ఆ కాపీలోని పేరును ఫ్రీ చేశావు, తర్వాత లాట్లన్నిటినీ ఫ్రీ చేసేటప్పుడు అదే పేరును మళ్లీ చేశావు. ఇదే డబుల్ ఫ్రీ. ఫ్రీ పెడితే తొందరగా పడిపోయింది ఇందుకే. తీసేస్తే ఆగింది నిజమే, ఇప్పుడు ఏ పేరూ ఫ్రీ కావడం లేదు. ఫ్రీ చేశాక పాయింటర్‌ను నల్ చేస్తే సరిపోతుంది కదా అని అడగబోతావు. మంచి అలవాటే, నల్‌ను ఫ్రీ చేస్తే ఏమీ జరగదని స్టాండర్డే అంటుంది. కానీ నల్ అయ్యేది ఆ ఒక్క వేరియబుల్. అదే అడ్రస్ ఇంకో రెండు చోట్ల రాసి ఉంటే వాటికి కబురు అందదు.

అందుకే నేను పట్టుబట్టేది ఒక్కటే. మాలక్ రాయకముందే ఈ చోటు ఎవరిదో తేల్చుకో. షాపుకు ఎంతమంది వెళ్లినా చీటీ ఒక్కరి పేరు మీదే ఉంటుంది, తిరిగి ఇవ్వాల్సింది వాళ్లే. నీ ప్రోగ్రాంలో పేరు లాట్‌ది, లాట్లు అర్రేవి, అర్రే ఆ రోజు ఖాతాది. రిపోర్టు పేరును చూసి పోయే చుట్టం. దానికి ఫ్రీ చేసే హక్కు లేదు. కావాలంటే ఎస్‌టీఆర్‌డప్‌తో సొంత కాపీ చేసుకుని, ఆ కాపీని అది ఫ్రీ చేసుకోవాలి. లాట్ తయారుచేసే ఫంక్షన్ రాసిన రోజే లాట్ తీసేసే ఫంక్షన్ కూడా రాయి. అందులో ముందు పేరు, తూకాలు ఫ్రీ చేయాలి, ఆ తర్వాతే అర్రే. ముందే అర్రే ఇచ్చేస్తే పేర్లు ఎక్కడున్నాయో చెప్పే కాగితం కూడా దానితోనే పోయినట్టు. ఏ ఫంక్షనైనా తెచ్చిన చోటును రిటర్న్ చేస్తుంటే దాని నెత్తిన ఒక కామెంట్ రాయి: పిలిచినవాళ్లే ఫ్రీ చేయాలి. ఆ లైను రాయలేకపోతున్నావంటే ఎవరిదో నీకే తేలలేదని అర్థం.

మధ్యలో తప్పొచ్చి బయటికి పోయే దారులు ఇంకా ప్రమాదం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో రసీదులు కొట్టే సర్వర్ ఉండేది. రోజూ రాత్రి 2 గంటలకు దాన్ని రీస్టార్ట్ చేయడం నైట్ డ్యూటీ మనిషి పనుల్లో ఒకటి. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు, గుడి గంట కొట్టినట్టు కొట్టేవాళ్లు. ఒకసారి నాకు డ్యూటీ పడినప్పుడు కూర్చుని చూస్తే తేలింది: కస్టమర్ నంబరు తప్పైతే ఫంక్షన్ మధ్యలోనే రిటర్న్ అయిపోతోంది, అంతకు రెండు లైన్ల ముందు తీసుకున్న స్ట్రింగ్ అలాగే మిగిలిపోతోంది. ఇలాంటి చోట అన్ని దారులూ చివర ఒక్క చోటికి వచ్చి, అక్కడ ఫ్రీలు జరిగి బయటికి పోయేలా, చెప్పిన లైనుకు నేరుగా దూకించే గోటో వాడొచ్చు. గోటో పాపమని నీకు చెప్పి ఉంటారు. లినక్స్ కర్నెల్‌లో ఈ పని కోసమే దాన్ని ధారాళంగా వాడతారు.

ల్యాబ్‌లో చెప్పిన మాట తప్పు కాదు. ప్రోగ్రాం ముగిసినప్పుడు లినక్సైనా విండోసైనా దాని మెమరీ అంతా వెనక్కి తీసుకుంటుంది. ఫైలు చదివి జవాబు చెప్పి ముగిసిపోయే చిన్న ప్రోగ్రాం చివర్లో ఫ్రీ చేయకపోతే కొంపలేం మునగవు. కానీ మీ మామ ప్రోగ్రాం పొద్దున తెరిస్తే షట్టర్ దించే దాకా నడుస్తుంది. కొన్నిసార్లు రోజుల తరబడి మూయకపోవచ్చు కూడా. అక్కడ రోజువారీ పేర్లు, తూకాలు అలా పేరుకుంటూ పోతే ఎలా?

మాలక్ జవాబు నల్ అవునో కాదో నువ్వు ఎక్కడా చూడలేదు. ఈ రోజుల్లో లినక్స్‌లో మాలక్ కాదనడం అరుదే, అయినా చూడాల్సిందే. తూకాలకు చోటు అడిగేది బస్తాల సంఖ్యను బట్టే కదా, అక్కడ ఎవరైనా పొరపాటున -1 కొట్టారనుకో. మాలక్ మైనస్ అంకెలు తీసుకోదు. అది 64 బిట్లలో పట్టే అతి పెద్ద అంకెల్లోకి మారిపోతుంది, ఏ కంప్యూటర్ దగ్గరా అంత చోటుండదు, నల్ వస్తుంది, దాని మీద రాయబోయి పడిపోతావు. ముందు సంఖ్యను సరిచూడు, తర్వాత నల్ చూడు. సైజు చెప్పేటప్పుడు టైపు పేరు కాకుండా ‘ఈ పాయింటర్ చూపించే వస్తువు సైజు’ అన్నట్టు సైజాఫ్ తర్వాత నక్షత్రం గుర్తుతో వేరియబుల్‌నే రాయి, రేపు టైపు మారినా లెక్క తప్పదు. క్యాలక్ అంటే కడిగి ఇచ్చిన గుండిగ, అన్నీ సున్నాలు. మాలక్‌ది కడగని గుండిగ, అడుగున ఎవరి కూరో ఉండొచ్చు. మాలక్ జవాబుకు కాస్ట్ (టైపు మార్చే గుర్తు) పెట్టాలా అని అనుమానం రావచ్చు, సీలో అక్కర్లేదు.

ఇదంతా నేను కళ్లతో చదివి పట్టుకున్నానని అనుకోకు. సగం, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనం పట్టిచ్చింది. లైను నంబర్లు చూపించే జీ ఆప్షన్‌తో (-g) కంపైల్ చేసి, వాల్‌గ్రైండ్ కింద నడిపి, ఉరుకుందు పేరు కొట్టాను. ‘ఇన్‌వాలిడ్ రైట్ ఆఫ్ సైజ్ 1’ అంది. దాని కిందే ఈ అడ్రస్ ‘24 బైట్ల బ్లాక్ తర్వాత 0 బైట్ల దూరంలో’ ఉందని, ఆ బ్లాక్‌ను ఏ లైనులో తీసుకున్నావో కూడా చూపించింది. రాము పేరు కొట్టినా పట్టుకుంది, ఈసారి 12 బైట్ల బ్లాక్ అంది. గ్లిబ్‌సీ ఉదారంగా ఇచ్చే 24 బైట్లతో దానికి పనిలేదు, నువ్వు అడిగినంతే నీదంటుంది. లీక్ చెక్ ఫుల్ పెడితే చివర్లో ‘డెఫినెట్లీ లాస్ట్’ అని ఎన్ని బైట్లు, ఎన్ని బ్లాకులు పోయాయో లెక్క ఇస్తుంది. ప్రోగ్రాం బాగా నిదానిస్తుంది, ఓపిక పట్టు.

తొందరగా కావాలంటే అడ్రస్ శానిటైజర్ ఉంది. జీసీసీ కంపైలర్‌లో 4.8 నుంచీ వస్తోంది. ఎఫ్‌శానిటైజ్ ఆప్షన్‌కు అడ్రస్ అని ఇస్తే చాలు. ఫ్రీ చేసిన చోటు తాకితే మూడు సంగతులు చూపిస్తుంది: ఎక్కడ తాకావు, ఎక్కడ ఫ్రీ చేశావు, మొదట ఎక్కడ తీసుకున్నావు. నీ ఎక్కువ ధర పాయింటర్ దీనికి ఒక్క నిమిషంలో దొరికింది, మధ్య సంగతిలో రీఅలాక్ లైను చూపించింది. వాల్‌గ్రైండ్, శానిటైజర్ రెండిటినీ ఒకేసారి పెట్టకు, వాటికి పొసగదు. విండోస్‌లో వాల్‌గ్రైండ్ లేదు కాబట్టి విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు వేసుకో. ల్యాబ్‌లో ఇంకా పాతకాలపు కంపైలర్ టర్బో సీ ఉంటే అక్కడ ఇవేవీ లేవు. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో మేం నేర్చుకున్నదీ టర్బో సీలోనే. ప్రోగ్రాం అంతా నడిచిపోయాక చివర్లో తీరిగ్గా ‘నల్ పాయింటర్ అసైన్‌మెంట్’ అనేది. ఎక్కడ, ఎప్పుడు అంటే చెప్పేది కాదు.

పైథాన్ సంగతి. మండీ లెక్కలకు నిజంగా పైథానే చాలు, ఆ మాటకొస్తే ఎక్సెల్ షీటు చాలు. మీ మామ రేపే వాడుకోవాలంటే అదే చేసివ్వు, నామోషీ ఏం లేదు. కానీ ప్రాజెక్టును సీలోనే పూర్తి చెయ్. ఈ ఒక్క బైటు తప్పు చేసేది నువ్వొక్కడివే కాదు. తమ ప్రోడక్టుల్లో బయటపడే సెక్యూరిటీ లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ కూడా అలాంటిదే. అవతలివాడు చెప్పిన పొడవును సరిచూడకుండా నమ్మడంతో, సమాచారాన్ని గుప్తంగా పంపడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ వాడే సర్వర్లు ఒక్కో దెబ్బకు 64 కిలోబైట్ల దాకా సొంత మెమరీని బయటివాళ్లకు పంపాయి. ఇంటర్వ్యూలో డబుల్ ఫ్రీ అంటే ఏమిటని అడిగితే పుస్తకంలోని వాక్యం చెప్పకు, ఉరుకుందు సంగతి, రిపోర్టు సంగతి చెప్పు.

మార్చిన కోడ్‌ను 200 లాట్లతో వాల్‌గ్రైండ్ కింద నడుపు. పేర్లు ఒక ఫైలులో రాసుకుని ఇన్‌పుట్‌గా ఇస్తే చేతులు నొప్పెట్టవు. వాటిలో ఉరుకుందు, తిమ్మప్ప ఉండేలా చూసుకో, ఒక చోట బస్తాలు -1 పెట్టు. వచ్చిన రిపోర్టులో చివరి పది లైన్లు నాకు పంపు. అన్నట్టు, రైతుకు ఇవ్వాల్సిన డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను సుమారుగా దాచే టైపులో) లెక్క కడుతున్నావు, పైసలు తేడా వస్తాయి. దాని గురించి ఇంకో ఉత్తరం రాయి. అప్పటిదాకా కాటా చీటీలు చేత్తో కూడా రాసి పెట్టుకోమని మీ మామకు చెప్పు.